విన్న సినిమా

"పాట వస్తాండాది, ప్లేట్లు సర్దుకో వసుంధరా."

శనివారం సాయంత్రం ఆరు దాటితే చాలు, హాల్లోంచి శివశంకర్ గొంతు ఆ మాటే అంటుంది. పదకొండేళ్లుగా అంటోంది. హిందూపురంలో వాళ్లింట్లో ప్రతి శనివారం ఒక భక్తి సినిమా వేస్తారు. దానికి ఆయన పెట్టిన పేరు చిత్ర సత్సంగం. నాలుగింటికి పదిమందో పన్నెండు మందో మగవాళ్లు వస్తారు, చెప్పులు గేటు దగ్గర విడిచి, కాళ్లు కడుక్కుని, గుళ్లోకి వచ్చినట్టే వస్తారు. వచ్చీ రాగానే కాఫీ, ఇంటర్వెల్లో మజ్జిగ, ఆఖరి పాటకి టిఫిన్. ఆఖరి పాట భక్తి సినిమాల్లో ఎప్పుడూ పొడుగ్గానే ఉంటుంది కాబట్టి, అది అయ్యేసరికి తినడం కూడా అయిపోతే అందరూ ఏడింటికల్లా ఇళ్లకి చేరొచ్చని ఆయన లెక్క. అందుకే ఆ ఇంట్లో ఆఖరి పాటకి ఇంకో పేరుంది, భోజనం పాట.

ఆ ఇంటి కట్టుబడి కూడా అందుకు తగ్గట్టే కుదిరింది. హాల్లో టీవీ తగిలించిన గోడకి సరిగ్గా అవతలి వైపు వంటింటి పొయ్యి. అంటే దేవుళ్లందరూ మొహం అటు పెట్టి, వీపు వసుంధర వైపు పెట్టి ప్రత్యక్షమవుతారు. ఆమె నిమ్మకాయలు పిండుతూ, పోపు వేయిస్తూ, బొరుగులు తడిపి ఉగ్గాని కలుపుతూ ఆ వీపునే వింటుంది. అట్లా విని విని ఆమెకి వందకి పైగా సినిమాలు కంఠతా వచ్చాయి. ఏ సినిమాలో ఏ శంఖం తర్వాత ఏ పద్యమో, ఏ దేవుడు దగ్గితే ఏ భక్తుడు ఏడుస్తాడో చెప్పగలదు. ఒక్కోసారి చేతిలో గరిటె ఆగిపోయి, కళ్లనిండా నీళ్లు వచ్చి, పోపు మాడిన వాసనకి ఉలిక్కిపడిన రోజులూ ఉన్నాయి. ఆ మాడిన పోపు గురించి ఆ శనివారం ఎవరో ఒకరు తప్పకుండా మాట్లాడతారు. కళ్లనీళ్ల గురించి ఎవరికీ తెలియదు.

అత్త ఉలిగమ్మది అమరాపురం పక్క పల్లె. మాట సగం కన్నడం, సగం తెలుగు. కొత్తలో ఒకసారి వసుంధర పని ముగించుకుని హాలు గుమ్మం దగ్గర నిలబడితే, "సుమ్నే, ఊరికే నిలబడి బొమ్మలు చూస్తాంటే పనులెట్లయితాయమ్మా, మొగోళ్లు భక్తితో చూస్తాండారు, నువ్వేం చూడాల్ల?" అంది. ఆడది చూస్తే కాలక్షేపం, మగవాడు చూస్తే భక్తి అన్నమాట. ఆ రోజు లోపలికి పోయిన మనిషి మళ్లీ ఆ గుమ్మం దగ్గర నిలబడలేదు, కాఫీ ఇచ్చినా ప్లేట్లు ఇచ్చినా టీవీకి వీపు పెట్టి ఇచ్చేసి వెనక్కి పోతుంది.

వసుంధర పెనుకొండలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు టీచరు. ఉదయం ఏడుంపావు ప్యాసింజరుకి పోయి, సాయంత్రం నాలుగున్నరకి తిరిగి వస్తుంది. శనివారాలు సగం పూటే, లేకపోతే సత్సంగానికి కాఫీ ఎవరు పెడతారు? స్కూల్లోనూ ఆమె పని పాఠాలతో ఆగదు. వార్షికోత్సవం రిపోర్టు, స్వాగత పద్యాలు, కరస్పాండెంటు గారి ఉపన్యాసం, అన్నీ ఆమే రాయాలి. "మీ చేతిరాత బాగుంటుంది మేడమ్" అంటాడు హెడ్మాస్టరు ఉదయ్ కుమార్, కేవలం చేతిరాత కోసమే ఆమెకి అవన్నీ ఇస్తున్నట్టు.

ఇంట్లోనూ ఆ చేతిరాతే ఆమె కొంప ముంచింది. నాలుగేళ్ల కింద అనంతపురం నుంచి వచ్చే ఒక ఆధ్యాత్మిక మాసపత్రికవాళ్లు శివశంకర్‌ని అడిగారు, మీకు నచ్చిన భక్తి సినిమాల గురించి నెలనెలా రాయమని. ఆయన పొంగిపోయాడు. "నేను చెప్తాంటా, నువ్వు రాస్కో" అని పడక్కుర్చీలో వెనక్కి వాలాడు. రెండు వాక్యాలు చెప్పాడు. మూడో వాక్యం గురకలో కలిసిపోయింది. పత్రికవాళ్లకి మాట ఇచ్చారు, పరువు పోతుంది కదా అని వసుంధర కూర్చుని మిగతాది తనే రాసింది. చెవుల్లో ఉన్న సినిమాని కాగితం మీద పెట్టింది. అది అచ్చయ్యాక ఎక్కడెక్కడినుంచో ఉత్తరాలు వచ్చాయి. "మీ కళ్లతో మాకు సినిమా చూపించారు సార్" అని ధర్మవరం నుంచి ఎవరో రాశారు. ఆ ఉత్తరం ఆయన ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు పెద్దలు. ఇక్కడ కనీసం ఆ కళ్లు కూడా ఇద్దరిలో ఎవరివీ కావు.

రెండో నెల నుంచి ఆయన ఆ రెండు వాక్యాలు చెప్పడం కూడా మానేశాడు. "ఈ నెల ఏనుగు సినిమా రాసేయ్", "ఈ నెల కావడి సినిమా" అంటాడు, కూరగాయలు చెప్పినట్టు. స్కూల్లో ఉదయ్ కుమార్ ఒకరోజు అందరిముందూ పత్రిక చూపిస్తూ, "మీ సార్ ఏం రాసినారు మేడమ్, మనసు కడిగినట్టయింది. మీరు కూడా సార్ దగ్గర నేర్చుకుని ఏమన్నా రాయొచ్చు కదా" అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు తలుచుకున్నప్పుడల్లా ఆమెకి తన మీద తనకే కోపం వస్తుంది.

ఇప్పుడా వ్యాసాలన్నీ పుస్తకం అవుతున్నాయి. పెనుకొండలో ఆవిష్కరణ సభ. కార్డులు కూడా అచ్చయ్యాయి. పుస్తకంలో ముఖ్యమైనది ఐదో అధ్యాయం, 'తల్లి వచ్చిన వేళ'. అది 'భక్త మల్లయదాసు' అనే పాత సినిమా గురించి. శివశంకర్‌కి అన్నిట్లోకీ ఇష్టమైన సినిమా అదే, ఏడాదికి నాలుగైదు సార్లైనా వేస్తాడు. వసుంధరకీ అదే ఇష్టం. కరువు రోజుల్లో మల్లయదాసు, ఇల్లాలు పస్తులుంటున్నా, ఇంట్లో ఉన్న గింజలన్నీ వచ్చిన భక్తులకి పెట్టేసి, తంబూర పట్టుకుని పాడుతూ కూర్చుంటాడు. పాట చివర గజ్జెల చప్పుడు. తలుపు కిర్రుమంటుంది. "వచ్చావా తల్లీ" అని దాసు గొంతు పగిలేటట్టు అంటాడు. అంతే, సినిమా అయిపోతుంది. ఆ 'వచ్చావా తల్లీ' విన్నప్పుడల్లా వసుంధర ఒళ్లు జలదరిస్తుంది. దాని గురించి ఇట్లా రాసింది: 'ఇల్లాలి ఓర్పుకి మెచ్చి, సాక్షాత్తూ ఆ తల్లే గడప దాటి లోపలికి నడిచి వచ్చింది.' ఆ వాక్యాన్ని సత్సంగంలో అందరూ మెచ్చుకున్నారు. దాన్నే ఆహ్వానపత్రం మీద కూడా వేశారు.

సభకి పట్టుచీర కట్టుకోవాలన్నాడు శివశంకర్. "స్టేజి మీద నా పక్కన కూర్చుంటావు, శాలువా కప్పుతారు, నలుగురూ చూస్తారు" అన్నాడు. వసుంధర అక్క గంగాదేవి ధర్మవరంలో మగ్గం నేస్తుంది. ఆమె దగ్గర చీర తెచ్చుకోవడానికి ఒక ఆదివారం రైలెక్కింది. పోయేసరికి అక్క మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. చీరకి ఇంకా జానెడు కొంగు మిగిలుంది.

"కూర్చోమ్మే. రెండు మూడు గంటల్లో అయిపోతాది. ఫోన్లో ఏమన్నా పెట్టుకో" అంది గంగాదేవి. మగ్గం గుంజకి తాడుతో ఫోను కట్టి ఉంది. రోజంతా అందులో ఏదో ఒక సినిమా మోగుతూనే ఉంటుంది. కళ్లు దారాల మీద, చెవులు సినిమాలో. నేసేవాళ్లందరికీ అదే అలవాటు. "మీ ఆయన సినిమా అదేదో దాసుది, మొన్ననే యూట్యూబులో పెట్టినారు. అదే పెట్టు, విందాం."

వసుంధర పెట్టింది. చాప మీద గోడకి ఆనుకుని కూర్చుంది. కాసేపటికి గంగాదేవి, "ఆ దాసు పెండ్లాం ఎట్లుంటాది చూసేదానికి? గొంతు మాత్రం భలే ఉండాది" అంది.

వసుంధర చెప్పబోయింది. నలభై సార్లకు పైగా విన్న సినిమా. దాని మీద పన్నెండు పేజీలు రాసింది. ఆ మనిషి మొహం ఎట్లా ఉంటుందో ఆమెకి తెలియదు. తను ఆ సినిమాని చూడనే లేదన్న సంగతి ఆమె నిజంగానే మర్చిపోయింది. ఎన్నేళ్లు వంటింట్లో మగ్గితే మనిషికి చెవులే కళ్లయిపోతాయో, ఆ తేడా కూడా తెలియకుండా పోతుందో ఎవరు చెప్పగలరు.

"చెప్పమ్మే, నేను తలెత్తితే పోగు తెగుతాది" అంది అక్క.

అట్లా మొదలైంది. గంగాదేవి నేస్తూ ఉంది, వసుంధర చూస్తూ చెప్తూ ఉంది. దాసు ముందర పాడుతుంటే ఆయన వెనక ఆమె నీళ్లు మోస్తోందని చెప్పింది. ఇంకో పాటలో ఆయన నాట్యం చేస్తుంటే వెనక పొయ్యి ఊదుతోందని చెప్పింది. బిచ్చగాడి వేషంలో వచ్చిన దేవుడికి దాసు దండం పెడుతుంటే, ఆమె విస్తరి తీస్తోందని చెప్పింది. ప్రతి పాటలోనూ ఆమె ఉంది. ఏ పాటలోనూ ఆమె చప్పుడు లేదు. వంటింట్లోకి వినపడేదంతా దాసే. కుండ దించినప్పుడూ, కట్టెలు విరిచినప్పుడూ ఆమెకి సంగీతం పెట్టాలని ఆ సినిమా తీసినవాళ్లకి తోచలేదు.

భోజనం పాట వచ్చింది. ఎవరూ ప్లేట్లు అడగలేదు. వసుంధర చాప మీద ముందుకి జరిగింది.

"కండ్లు మూసుకుని పాడుతాండాడు అక్కా. ఆయమ్మ పొయ్యిలో బూడిద ఎత్తేసింది. కుండ కడిగి బోర్లించింది. దీపంలో ఉన్న నూనెంతా పోసింది. ఆయన పక్కనించి నడుస్తాండాది. తలుపు..." ఆమె ఫోనుకి ఇంకా దగ్గరగా వంగింది. "తలుపు తీసి బయటికి పోతాండాది. తలుపేసేసింది. అక్కా, ఆ గజ్జెలు ఆయమ్మవే."

ఫోనులో దాసు, కళ్లు ఇంకా మూసుకునే, "వచ్చావా తల్లీ" అన్నాడు. ఇంట్లో ఎవరూ లేరు. మూసిన తలుపు, బోర్లించిన కుండ, దీపం. పైన శుభం అని పడింది.

మగ్గం ఆగింది. ఆ రాతలు ఎవరివో తెలిసిన గంగాదేవి ఆ పూటకి మొదటిసారి తలెత్తింది. "మరి అమ్మవారొచ్చిందని రాసినావేమి పేపర్లో? సద్దు దగ్గరికొస్తాంటే పెద్దదైతాది గదమ్మే. అది చిన్నదైతా పోయింది. పోయే కాళ్లని గుర్తుపట్టలేవా, నువ్వు టీచరువి."

గుర్తుపట్టింది. చప్పుడు సన్నగిల్లుతోందని ఎన్నోసార్లు అనుకుంది కూడా. అమ్మవారు కదా, గర్భగుడిలోకి పోయి కలిసిపోయి ఉంటుందని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఒక ఆడది ఇల్లు విడిచి నడిచిపోతోందని అనుకోవడం కంటే, రాయి నడిచి వచ్చిందని అనుకోవడమే ఆమెకి తేలికైంది. పైగా ఇల్లాలి ఓర్పుకి మెచ్చి అని రాసింది. ఆ ఓర్పు అయిపోయి తలుపు వేసుకుని పోయిన మనిషి నెత్తిన మళ్లీ ఆ ఓర్పునే పెట్టి దండం పెట్టింది. రైల్లో హిందూపురం దాకా ఆ వాక్యమే ఆమె నోట్లో వేపాకు నమిలినట్టు ఉంది. ఆ సినిమాని పదకొండేళ్లు టీవీ ఎదురుగా కూర్చుని చూసిన మగవాళ్లలో ఒక్కరైనా ఎందుకు చెప్పలేదని ఆలోచించింది. పెనుకొండ దాటుతుండగా జవాబు దొరికింది. ఆ పాటకి వాళ్లెవరూ టీవీ చూడరు. తలలన్నీ ప్లేట్లలో ఉంటాయి. ఆ ప్లేట్లు తెచ్చి పెట్టేది తనే.

ఇంటికి పోయి శివశంకర్‌తో చెప్పింది. ఆయన చీర అంచు చూస్తున్నవాడు చూస్తున్నట్టే, "ఇన్నేండ్లూ ఆ సినిమా చూస్తాండేది నేనా నువ్వా?" అన్నాడు.

"మీరు ఆ పాటకి నిద్రపోతారు."

"అది నిద్ర కాదు, ధ్యానం."

"ధ్యానమే కానీండి. ఆయమ్మ ఇంట్లోంచి పోయింది. ఎవురూ రాలేదు. మనం తప్పు రాసినాం."

"మనమేంది? రాసింది నేను" అన్నాడు ఆయన, ఏమాత్రం తడుముకోకుండా. అబద్ధం చెప్తున్నట్టు కూడా లేదు ఆ మొహం. నాలుగేళ్లలో ఆయన దాన్ని నమ్మేశాడు. తర్వాత కాస్త మెత్తబడి వివరించాడు. "నీకు పైపైనే కనపడతాది వసుంధరా. పెండ్లాం రూపంలో ఉండేది అమ్మవారే. అది తత్త్వం."

"అమ్మవారైతే పోయేదేమి మరి?"

ఉలిగమ్మ మంచం మీంచి, "మొగుని మాటకి అడ్డం పోకూడదమ్మా. పుస్తకంలో ఆయప్ప పేరుండాది. తప్పుంటే ఆయప్పకి ఉండాది, నీకేమి?" అంది. ఆ ముసలామె ఎప్పటిలాగే దారి చూపించబోయి, ఈసారి తెలియకుండా సూదితో పొడిచింది. నీకేమి? అవును, పేరు ఆమెది కాదు. కానీ ఆ వాక్యం ఆమెది. పుస్తకం అచ్చయితే ఊరూరా చదివే ఆడవాళ్లకి ఆమె మాటే చేరుతుంది, ఓర్చుకో, తల్లి వస్తుంది అని. ఎవరి పేరు మీద పోయినా అబద్ధం తన చేతిదే. శాలువా కప్పించుకుని దాని పక్కన కూర్చోవాలి. ఆ ఆలోచనకే ఆమెకి వంటి మీద జెర్రి పాకినట్టయింది.

శనివారం వచ్చింది. పుస్తకం అచ్చుకి పోయే ముందు ఆఖరి సత్సంగం కాబట్టి శివశంకర్ 'భక్త మల్లయదాసు'నే వేశాడు. ప్రెస్సు నాగేష్ ఆఖరి ప్రూఫులు చంకలో పెట్టుకుని వచ్చాడు, ఐదో అధ్యాయం మీద సార్ సంతకం చేస్తే సోమవారం మిషనెక్కించాలి. రిటైరైన తహశీల్దారు ఓబుళప్ప, ఎనభై ఏళ్ల మనిషి, ఎప్పటిలాగే ముందువరసలో కూర్చున్నాడు. వసుంధర కాఫీ ఇచ్చింది. మజ్జిగ ఇచ్చింది. చిత్రాన్నం కలిపి గిన్నె మీద మూత పెట్టింది.

"పాట వస్తాండాది, ప్లేట్లు సర్దుకో వసుంధరా."

ఆమె చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. హాల్లోకి వచ్చి, మూలన ఉన్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని ఓబుళప్ప పక్కన వేసుకుని కూర్చుంది. పదకొండేళ్ల సత్సంగంలో ఆ హాల్లో ఆమె కూర్చోవడం అదే మొదలు. ఓబుళప్ప కొంచెం పక్కకి జరిగాడు. పక్కగదిలోంచి ఉలిగమ్మ, "ప్లేట్ల సద్దే లేదేమి?" అంది. ఆ మాటకి శివశంకర్ ధ్యానం చెదిరి కళ్లు తెరిచాడు.

"ఏమి, టిఫిన్?"

"సినిమా అయినాంక" అంది వసుంధర, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

తినడానికి ఏమీ లేదు. మాట్లాడితే సత్సంగం మర్యాద కాదు. ఇంక చేసేదేమీ లేక పన్నెండు మంది మగవాళ్లు టీవీ వైపు చూశారు. బూడిద ఎత్తే చేతులు చూశారు. కుండ బోర్లించడం చూశారు. దాసు పాడుతున్నాడు, కానీ ఇప్పుడు ఆయన్ని ఎవరూ చూడడం లేదు. ఆమె ఆయన పక్కనుంచి నడిచింది, తలుపు తీసింది, వేసింది. "వచ్చావా తల్లీ" అన్న అరుపు ఆ హాల్లో ఎన్నడూ లేనట్టు బోడిగా వినపడింది.

"అదేమప్పా శంకరా" అన్నాడు ఓబుళప్ప నిదానంగా. "ఆయమ్మ పోయింది గదా. ఎవురొచ్చిరి?"

శివశంకర్ తత్త్వం గురించి మొదలుపెట్టాడు. రూపం, అరూపం అన్నాడు. వినేవాళ్ల మొహాలు చూసి మధ్యలోనే తగ్గాడు. ఎంత తత్త్వమైనా, కళ్లతో చూసినదాన్ని కాదనడం కష్టం. నాగేష్ ప్రూఫులు విప్పి, గొంతు సవరించుకుని, "సార్, ఈ అధ్యాయం ఇట్లే పోనిద్దామా, మారుస్తారా? మిషనోళ్లకి చెప్పాల్ల" అన్నాడు.

"మార్చాల్సిందే గదప్పా, ఇంతమంది చూసినాంక" అన్నాడు శివశంకర్ విసుగ్గా. ఆ విసుగులోనే, నాలుగేళ్ల అలవాటు కొద్దీ, భార్య వైపు తిరిగి, "రేపటికల్లా కూర్చోని మార్చి రాసిచ్చేయ్ వసుంధరా" అనేశాడు.

అన్నాక గాని ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. ఫ్రేములో ఉన్న ఉత్తరం వైపు ఒకరిద్దరు చూశారు. ఓబుళప్ప మెల్లగా మెడ తిప్పి పక్క కుర్చీలో ఉన్న మనిషిని, కొత్తగా పరిచయమైనవాళ్లని చూసినట్టు చూశాడు. "ఇవన్నీ రాసేది నువ్వామ్మా?" అన్నాడు.

వసుంధర ఆయనకి తలూపి, భర్త వైపు చూసింది. "నేను రాయను. ఇన్నేండ్లూ నేను వినింది రాసినా. ఈ పొద్దు మీరు కండ్లతో చూసినారు గదా. మీరే రాయండి."

శివశంకర్ అందరి వంకా చూసి, గొంతు బాగా తగ్గించి, "నేనేం రాయాల్లే? ఆయమ్మ ఇంట్లోంచి పోయింది, సరే. యాడికి పోయిందో సినిమాలో చూపించనే లేదు" అన్నాడు.

యాడికి? ధర్మవరం నుంచి వచ్చినప్పట్నుంచీ వసుంధర ఆ సంగతే ఆలోచిస్తోంది. రైల్లో, క్లాసులో, అంట్లు తోముతూ. పుట్టింటికని ఒకసారి, యేటికని ఒకసారి, పక్క ఊళ్లో కూలికని ఒకసారి అనుకుంది.

"యాడికి పోయిందో నాకూ తెలీదు" అంది, కుర్చీలోంచి లేవకుండానే. "పోయి మొదట యాడో ఒకచోట కూర్చోనింటాది."